బ్యాక్‌లాగ్ వచ్చింది, కెమికల్ వదిలేయనా అక్కా?

ప్రశ్న: అక్కా, నేను కెమికల్ ఇంజనీరింగ్ రెండో సంవత్సరం చదువుతున్నాను. మాది అనకాపల్లి దగ్గర పల్లెటూరు. నాన్న చెరకు వేస్తారు, బెల్లం వండుతారు. ఈఏపీసెట్‌లో నా ర్యాంకుకి మంచి కాలేజీలో కంప్యూటర్స్ రాలేదు, యూనివర్సిటీ కాలేజీ కదా అని కెమికల్ తీసుకున్నాను. మొదటి ఏడాది బాగానే గడిచింది కానీ మొన్న సెమ్‌లో ప్రాసెస్ కాలిక్యులేషన్స్ పోయింది. ఇంతవరకు నేను ఏ పరీక్షా ఫెయిల్ అవలేదు. ఇంట్లో ఇంకా చెప్పలేదు. మా బాబాయి హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్‌లో ఉన్నారు, ఈ బ్రాంచికి ఉద్యోగాల్లేవు, ఇప్పుడే కోడింగ్ కోర్సులో చేరమంటున్నారు. అచ్యుతాపురం ప్రమాదం జరిగినప్పటి నుంచీ అమ్మకి భయం, ఆడపిల్లవి ఫ్యాక్టరీల్లో ఏం చేస్తావంటుంది. చదువు ఆపేసి మళ్ళీ ఈఏపీసెట్ రాయమంటారా?
– ఒక సెకండ్ ఇయర్ అమ్మాయి

సమాధానం:

అమ్మా, ముందు ఆఖరి ప్రశ్నకి జవాబు చెప్పేస్తాను. ఆపకు. ఈ ఒక్క సబ్జెక్టు పోయిందని మాత్రం అస్సలు ఆపకు. నువ్వు నిజానికి ఇంకా కెమికల్ ఇంజనీరింగ్ చదవడం మొదలుపెట్టనే లేదు. మొదటి ఏడాది అన్ని బ్రాంచిల వాళ్ళతోపాటు మాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ, డ్రాయింగ్, సి ప్రోగ్రామింగ్ చదివావు. అసలు బ్రాంచి మొదలయ్యేది రెండో ఏడాదిలో, అదీ ప్రాసెస్ కాలిక్యులేషన్స్‌తోనే. గుమ్మం దగ్గర కాలికి దెబ్బ తగిలింది, అంతే. లోపల ఇల్లు ఎలా ఉందో చూడకుండా వెనక్కి తిరిగితే ఆ దెబ్బే గుర్తుండిపోతుంది.

రెండోది, ఈ రాత్రికే ఇంట్లో ఫోన్ చేసి ఒక సబ్జెక్టు పోయిందని చెప్పు. సప్లీ ఎప్పుడో, దానికి ఎలా చదవబోతున్నావో కూడా చెప్పు. దాచిపెట్టుకున్న బ్యాక్‌లాగ్ ఉన్నదానికంటే నాలుగింతలు బరువుగా ఉంటుంది, ఆ టెన్షన్‌లో చదువు తలకెక్కదు. వానలు లేక ఒక పంట పోయిన ఏడాది నాన్న ఏం చేశారో నీకు తెలుసు కదా, మళ్ళీ విత్తనం వేశారు. ఆయనకి ఇది అర్థం కాదని నేననుకోను.

ఇక ఈ సబ్జెక్టు ఎందుకు పోయిందో చూద్దాం. మార్కులు బాగా తెచ్చుకునే పిల్లలు ఇక్కడే దెబ్బ తినడం నేను చాలామందిలో చూశాను. ఇంటర్‌లో రెండేళ్ళు మనకి చేయించేది బిట్ల ప్రాక్టీసు. 3 గంటల్లో 160 బిట్లు, ఒక్కోదానికి నిమిషం చిల్లర. ప్రశ్న చూడగానే ఏ ఫార్ములానో గుర్తుకు రావాలి, అంకెలు వేయాలి, ఆప్షన్ పెట్టాలి, పక్కదానికి పోవాలి. ఆ అలవాటుతో ప్రాసెస్ కాలిక్యులేషన్స్ పేపర్ ముందు కూర్చుంటే చేతులాడవు, ఎందుకంటే ఇందులో ఫార్ములాయే లేదు. ఉన్నది ఒకే ఒక్క మాట: లోపలికి ఎంత పోయింది, బయటికి ఎంత వచ్చింది, లోపల ఎంత మిగిలింది. ఏ డబ్బా చుట్టూ గీత గీసి లెక్క వేయాలో, దేన్ని 100 కిలోలు అనుకుని మొదలుపెట్టాలో, ఏది తెలుసో ఏది తెలియదో నువ్వే తేల్చుకోవాలి. ఒక్కో లెక్కకి ముప్పావు గంట పట్టినా పరవాలేదు. మొదటి 10 నిమిషాలు పెన్ను బొమ్మ గీయడానికే వాడాలి, క్యాలిక్యులేటర్ ముట్టుకోకూడదు.

నీకు ఆ బొమ్మ కొత్త కాదు, చిన్నప్పటి నుంచి చూస్తున్నదే. మీ బెల్లం పెనం.

1 టన్ను చెరకు గానుగాడారనుకో. 600 కిలోల రసం వచ్చింది, మిగిలిన 400 కిలోలు పచ్చి పిప్పి. రసంలో పంచదార, మిగతా కరిగి ఉన్నవన్నీ కలిపి నూటికి 18 పాళ్ళు అనుకుందాం. అంటే 108 కిలోలు. నాన్న సున్నం వేస్తారు, మడ్డి తీస్తారు, ఆ మడ్డితో పోయే కొంచెం తీపిని ఇప్పటికి పక్కన పెట్టు. పాకం వచ్చి దిమ్మ కట్టేసరికి అందులో ఇంకా 5 పాళ్ళు తేమ ఉందనుకో. పెనంలోంచి ఆవిరయ్యేది నీళ్ళేగానీ పంచదార కాదు కదా, కాబట్టి ఆ 108 కిలోలూ బెల్లంలోనే ఉండాలి, అది బెల్లంలో 95 పాళ్ళు. 108ని 0.95తో భాగిస్తే దాదాపు 114 కిలోల బెల్లం. 600లోంచి 114 తీసేస్తే 486 కిలోల నీళ్ళు ఆకాశంలోకి పోయాయి. టన్ను చెరకుకి ఎంత బెల్లం దిగుతుందని నాన్నని అడుగు, ఆయన నోటి లెక్క దీనికి దగ్గరగానే ఉంటుంది. ఎంత తేడా వస్తే అంత ఆసక్తిగా ఉంటుంది, రసం పలచగా ఉందా, మడ్డితో ఎక్కువ పోయిందా, గానుగ సరిగా పిండలేదా అని వెతకాలి.

నువ్వు ఫెయిలైన సబ్జెక్టులో సగం ఇదేనమ్మా. మారకుండా మొదటి నుంచి చివరి దాకా వచ్చే వస్తువుని పట్టుకుని లెక్క లాగడాన్ని మీ సార్ టై కాంపొనెంట్ అని ఉంటారు. మీ పెనంలో ఆ వస్తువు తీపి.

రెండో సగం వేడి లెక్క. రసాన్ని 30 డిగ్రీల నుంచి మరిగే దాకా తీసుకెళ్ళడానికి పెద్దగా ఖర్చు లేదు, 600 కిలోలకి సుమారు 160 మెగాజౌళ్ళు. మరిగాక నీటిని ఆవిరి చేయడానికే అసలు ఖర్చు. 100 డిగ్రీల దగ్గర ఒక కిలో నీరు ఆవిరవడానికి 2257 కిలోజౌళ్ళు కావాలి, అంటే 486 కిలోలకి దాదాపు 1100 మెగాజౌళ్ళు. మొత్తం కలిపి 1260. ఇప్పుడు పొయ్యి వైపు చూడు. 400 కిలోల పచ్చి పిప్పిలో సగం తేమే. ఎండబెడితే 220 కిలోలకి వస్తుంది, కిలోకి ఒక 15 మెగాజౌళ్ళ చొప్పున వేసుకున్నా 3300. కావలసింది 1260, చేతిలో ఉన్నది 3300. మరి పెనం దిగేసరికి పిప్పి కుప్ప ఎందుకు అయిపోతోంది? నూటికి 60 పాళ్ళకి పైగా వేడి పొగగొట్టంలోంచి, పొయ్యి నోట్లోంచి, గోడల్లోంచి, పెనం అంచుల్లోంచి పోతోంది కాబట్టి. పొయ్యి ముందు కూర్చుని పిప్పి ఎగదోసే మనిషి ఒంటికి తగిలే సెగ అంతా ఆ లెక్కలోదే.

మరి ఆ వేడిని ఎలా పట్టుకోవాలి అని అడిగావంటే నువ్వు తర్వాతి సెమ్ సబ్జెక్టులోకి అడుగుపెట్టినట్టే, దాని పేరు హీట్ ట్రాన్స్‌ఫర్. పెనం మీది నుంచి లేచే ఆవిరిలో కిలోకి 2257 కిలోజౌళ్ళు ఉన్నాయి కదా, దాన్ని ఊరికే ఆకాశంలోకి వదలకుండా పక్క పాత్రకి పొయ్యిలాగా వాడుకుంటే? ఈ ఆలోచన నార్బర్ట్ రిల్యూ అనే ఆయనకి వచ్చింది. అమెరికాలో న్యూ ఆర్లీన్స్‌లో 1806లో పుట్టాడు, నల్లజాతి తల్లి బిడ్డ, ఫ్రాన్స్‌లో చదువుకున్నాడు. అప్పట్లో లూసియానాలో బానిసలు వరసగా పెట్టిన పెనాల్లోకి మరిగే చెరకు రసాన్ని గరిటెలతో పోస్తూ ఒళ్ళు కాల్చుకునేవాళ్ళు. ఆయన పాత్రలు మూసేసి, లోపల గాలి ఒత్తిడి తగ్గించాడు. ఒత్తిడి తగ్గితే తక్కువ వేడికే నీళ్ళు మరుగుతాయి కాబట్టి మొదటి పాత్ర ఆవిరితో రెండోది, రెండోదాని ఆవిరితో మూడోది మరుగుతుంది. 1843లో పేటెంట్ తీసుకున్నాడు. ఈ రోజు పంచదార ఫ్యాక్టరీల్లో, పాలపొడి ఫ్యాక్టరీల్లో, ఫార్మా కంపెనీల వ్యర్థ జలాల ప్లాంటుల్లో నడిచే మల్టిపుల్ ఎఫెక్ట్ ఎవాపరేటర్ అదే. పెనం ముందు పెరిగినదానివి, ఆ చాప్టర్ వచ్చినప్పుడు క్లాసులో అందరికంటే ముందు నీకే అర్థమవ్వాలి.

ఈ లెక్కలు ఉద్యోగంలో ఎందుకు అంటావేమో, నా మొదటి ఉద్యోగంలోది ఒకటి చెబుతాను. అది మందుల ముడిసరుకు తయారు చేసే ఫ్యాక్టరీ. నేను చేరి అప్పటికి 4 నెలలు. రియాక్టర్లో 2000 లీటర్ల టోలూయిన్ అనే మండే ద్రావకం వేసి, పని అయ్యాక దాన్ని డిస్టిల్ చేసి, అంటే ఆవిరి చేసి మళ్ళీ చల్లబరిచి, వెనక్కి తీసుకునేవాళ్ళం. ఒక బ్యాచిలో రిసీవర్లోకి 1720 లీటర్లు వచ్చింది, లోపల మిగిలిన ముద్దలో ఇంకో 100 లీటర్లు ఉంటుందని ల్యాబ్ చెప్పింది. 180 లీటర్లు లెక్కలో లేదు. ఎవాపరేషన్ లాస్ అని రాసేసి సంతకం పెట్టమన్నారు పైవాళ్ళు, ముందు రెండు బ్యాచిల్లోనూ అలాగే రాశారట. నాకు చేయాడలేదు. అప్పుడు షిఫ్టులో ఒక పెద్దాయన ఉండేవాడు, పదో తరగతి చదివి ఆపరేటర్‌గా పాతికేళ్ళు చేసినవాడు. ఆయన నన్ను పైఅంతస్తుకి తీసుకెళ్ళి, బయటికి పోబోయే ఆవిరిని చల్లబరిచి పట్టే వెంట్ కండెన్సర్‌కి వచ్చే చల్లటి బ్రైన్, అంటే ఉప్పునీటి పైపు చూపించి, దీనికి చెమట పట్టలేదు చూడమ్మా అన్నాడు. నిజమే. పక్క రియాక్టర్ పైపు మీద నీటి బొట్లు కారుతున్నాయి, మాది పొడిగా, చేత్తో పట్టుకుంటే గోరువెచ్చగా ఉంది. లోపల చెత్తని ఆపే జల్లెడ, అదే స్ట్రైనర్, మూసుకుపోయి బ్రైన్ పారడం లేదు. చల్లబడని టోలూయిన్ ఆవిరి నేరుగా గొట్టంలోంచి బయటికి పోతోంది. టోలూయిన్ ఆవిరి గాలికంటే 3 రెట్లు బరువు, పైకి పోయి కలిసిపోదు, కిందికి దిగి నేల మీద పాకుతుంది. మూడు బ్యాచిల పాటు అది మా చుట్టూ ఎక్కడెక్కడ పాకిందో, ఎక్కడైనా ఒక్క నిప్పురవ్వ లేచి ఉంటే ఏమయ్యేదో ఆ రాత్రంతా ఆలోచిస్తూనే ఉన్నాను.

ఆ 180 లీటర్లని కనిపెట్టింది నువ్వు ఫెయిలైన సబ్జెక్టే. లెక్కలో తేడా వస్తే ఆ సరుకు ఎక్కడో ఒకచోట ఉండే తీరాలి, అది ఎక్కడుందో తెలిసే దాకా నిద్రపట్టకూడదు. నా ఉద్యోగమంతా ఈ ఒక్క పని మీదే నడిచింది.

ఇప్పుడు అమ్మ భయం సంగతి. ఆమెని వెర్రిది అనకు. అచ్యుతాపురం సెజ్‌లో 2024 ఆగస్టు 21న 17 మంది పోయారు, వాళ్ళలో మన ఇళ్ళల్లోంచి వెళ్ళిన చదువుకున్న పిల్లలే ఎక్కువ. ఆ భయానికి ఏమీ కాదులే అన్నది జవాబు కాదు. ఎందుకు అలా జరుగుతుందో తెలిసిన మనుషులు లోపల ఉండాలి, వాళ్ళ మాట చెల్లాలి. విశాఖలో ఆర్ఆర్ వెంకటాపురం సంగతి చూడు. 2020 మే 7 తెల్లవారుజామున అక్కడి ఫ్యాక్టరీలో ప్లాస్టిక్ తయారీకి వాడే స్టైరీన్ అనే ద్రవం ఉన్న ట్యాంకులోంచి ఆవిరి ఊళ్ళోకి వచ్చింది, నిద్రలో ఉన్న జనం లేచి పరుగెత్తుతూ రోడ్ల మీద పడిపోయారు, 12 మంది చనిపోయారు. స్టైరీన్ అణువులు వాటంతటవి ఒకదానికొకటి అతుక్కుంటూ ఉంటాయి, అతుక్కున్నప్పుడల్లా వేడి పుడుతుంది, వేడి పెరిగితే ఇంకా వేగంగా అతుక్కుంటాయి. అందుకే ట్యాంకుని చల్లగా ఉంచాలి, కలియబెడుతూ ఉండాలి, అతుక్కోకుండా ఆపే ఇన్హిబిటర్ తగినంత ఉందో లేదో చూసుకుంటూ ఉండాలి. లాక్‌డౌన్‌లో ఫ్యాక్టరీ ఆగి వారాలు గడిచాయి, ఇన్హిబిటర్ చాలలేదు, చల్లబరచడం, కలియబెట్టడం సరిగా జరగలేదు. వేడి కొలిచే సాధనం ట్యాంకు అడుగున ఉంది.

ఆ చివరి మాట దగ్గర ఒక్క నిమిషం ఆగు. స్నానానికి బకెట్లో చన్నీళ్ళు పట్టి పైన వేన్నీళ్ళు పోసి కలపకుండా అడుగున చెయ్యి పెడితే ఏమనిపిస్తుంది? చల్లగానే ఉన్నాయనిపిస్తుంది. పైన మాత్రం చెయ్యి కాలుతుంది. ట్యాంకులోనూ అంతే, వేడెక్కిన ద్రవం తేలికై పైన నిలబడింది, అడుగున అంకె మామూలుగా కనిపిస్తూనే ఉంది. ఈ సంగతి ఏ రెండో ఏడాది పిల్లని అడిగినా చెప్పగలదు. చెప్పేవాళ్ళు ఆ ట్యాంకు దగ్గర లేకపోవడమో, చెప్పినా వినేవాళ్ళు లేకపోవడమో జరిగింది. అమ్మకి ఇదంతా వివరించు. ఏ ఫ్యాక్టరీలో చేరినా మొదటి వారంలోనే ఏ ద్రావకం ఎక్కడుందో, గాలి ఎటు వీస్తోందో, బయటికి దారులెన్నో నేర్చుకుంటానని, తప్పనిపిస్తే సంతకం పెట్టనని మాటివ్వు. అలా సంతకం పెట్టనన్నందుకు కొన్ని చోట్ల ఇబ్బంది పడాల్సి వస్తుంది, నేనూ పడ్డాను, అయినా ఇప్పటికీ ఇదే చెబుతాను.

మీ దగ్గర్లో పరవాడ ఫార్మా సిటీ ఉంది కాబట్టి ఇంకో లెక్క కూడా ఇస్తాను, ఇది ఇంటర్వ్యూల్లో పనికొస్తుంది. ల్యాబ్‌లో కెమిస్ట్ ఒక లీటరు ఫ్లాస్కులో చేసిన రియాక్షన్‌ని ప్లాంటులో లోపల గాజు పూత ఉన్న రియాక్టర్, అంటే 5 కిలోలీటర్ల జీఎల్‌ఆర్‌లో చేయాలి. సరుకు 5000 రెట్లు పెరిగింది. ఆకారం అదే అనుకుంటే పొడవు, వెడల్పు 17 రెట్లు పెరుగుతాయి, చల్లబరిచే గోడ వైశాల్యం 17 ఇంటూ 17, అంటే 290 రెట్లే పెరుగుతుంది. పుట్టే వేడి 5000 రెట్లు, దాన్ని బయటికి లాగే గోడ 290 రెట్లు. లీటరుకి లెక్కేస్తే గోడ 17 రెట్లు తగ్గిపోయింది. ఫ్లాస్కులో ఐసు గిన్నెతో సరిపోయినది ప్లాంటులో సరిపోదు, అందుకే రసాయనాన్ని ఒకేసారి వేయకుండా గంటల తరబడి చుక్కలు చుక్కలుగా వేయిస్తాం. కెమిస్ట్రీకీ కెమికల్ ఇంజనీరింగ్‌కీ తేడా ఏంటని ఎవరైనా అడిగితే ఈ 17 గురించి చెప్పు.

ఆడపిల్ల సంగతి ఉన్నదున్నట్టు చెబుతాను. 20 ఏళ్ళ కిందట నేను చేరిన చోట ప్రొడక్షన్ బ్లాకులో ఆడవాళ్ళకి టాయ్‌లెట్ లేదు, ఆఫీసు బిల్డింగ్ దాకా నడిచి వెళ్ళాలి. అందుకని నీళ్ళు తాగడం తగ్గించేశాను, ఇన్ఫెక్షన్ వచ్చి మంచం పట్టాను. ఇప్పుడు చాలా కంపెనీల్లో పరిస్థితి బాగుపడింది, కొన్నిట్లో ఇంకా అలాగే ఉంది. షిఫ్టులకి ఆడపిల్లల్ని తీసుకోకుండా క్వాలిటీలోకో డాక్యుమెంట్ల పనిలోకో తోసేసేవాళ్ళూ ఉన్నారు. ఇంటర్వ్యూలో నీ వంతు వచ్చినప్పుడు ధైర్యంగా అడుగు, మీ ప్రొడక్షన్‌లో ఎంతమంది ఆడవాళ్ళున్నారు, రాత్రి షిఫ్టుకి బండి ఎక్కడి దాకా వస్తుంది, బ్లాకులో రెస్ట్‌రూమ్ ఉందా అని. సూటిగా జవాబు చెప్పలేని చోటు నీకొద్దు. డిజైన్, ప్రాసెస్ డెవలప్‌మెంట్, సేఫ్టీ, టెక్నాలజీ ట్రాన్స్‌ఫర్ లాంటి విభాగాల్లో షిఫ్టులు తక్కువ, కానీ నా సలహా ఏమిటంటే మొదటి రెండేళ్ళయినా ప్లాంటులో నిలబడు. పైపుకి చెమట పట్టిందో లేదో ఆఫీసు కుర్చీలోంచి కనిపించదు.

బాబాయి మాటలో సగం నిజముంది. మొదటి జీతం సాఫ్ట్‌వేర్‌లో పెద్ద కంపెనీ ఇచ్చేదానికంటే చాలాచోట్ల తక్కువే, కాలేజీకొచ్చే కోర్ కంపెనీలూ తక్కువే, ఆ సంగతి దాచి నిన్ను మభ్యపెట్టను. ఉద్యోగాల్లేవన్నది మాత్రం ఒప్పుకోను. ఒకసారి విశాఖ చుట్టుపక్కల చూడు. 1957లో కాల్టెక్స్ వాళ్ళు మొదలుపెట్టిన రిఫైనరీ ఇప్పుడు హెచ్‌పీసీఎల్ చేతిలో ఉండి ఇంకా పెరుగుతోంది, ఎరువుల ఫ్యాక్టరీ ఉంది, స్టీల్ ప్లాంటు కోక్ ఓవెన్లున్నాయి, పరవాడ, అచ్యుతాపురం, నక్కపల్లి వరసన ఫార్మా కంపెనీలున్నాయి. అటు తెలంగాణలో రామగుండం యూరియా, మణుగూరు భారజలం, పటాన్‌చెరు, పాశమైలారం, హైదరాబాద్‌లో రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ. ఇవన్నీ నీకోసం తలుపులు తెరుచుకుని కూర్చోలేదు, నిజమే, కానీ లెక్క వచ్చిన పిల్లని ఖాళీగా కూర్చోబెట్టిన చోటు నేను చూడలేదు.

ఎంటెక్ సీట్లకి పెట్టే జాతీయ పరీక్ష గేట్ గురించి మూడో ఏడాది నుంచి ఆలోచించు, థర్డ్ ఇయర్‌లోనే రాయొచ్చు, స్కోరు 3 ఏళ్ళు చెల్లుతుంది. దాంతో ఐఐటీ, ఎన్ఐటీల్లో ఎంటెక్ చేస్తే నెలకి 12,400 రూపాయల స్టైపెండ్ వస్తుంది, నాన్న మీద భారం పడదు. కొన్ని ప్రభుత్వ రంగ కంపెనీలు గేట్ స్కోరుతో తీసుకుంటాయి, కొన్ని సొంతంగా పరీక్ష పెడతాయి. అప్పు చేసి విదేశాలకి వెళ్ళే ఆలోచన డిగ్రీ చేతికొచ్చి, రెండేళ్ళు పనిచేశాక చూసుకో, ఇప్పుడు దాని జోలికి వద్దు.

కోడింగ్ నేర్చుకో, కానీ ఆ కోర్సుకి ఇప్పుడు డబ్బు కట్టకు. నీ లెక్కలే నీకు కోడింగ్ నేర్పుతాయి. పైన చెప్పిన బెల్లం లెక్కని ముందు ఎక్సెల్‌లో పెట్టు, తేమ 5 బదులు 8 అయితే ఏమవుతుందో, రసం 18 బదులు 16 అయితే ఎంత పిప్పి ఎక్కువ పడుతుందో చూడు. తర్వాత అదే పైథాన్‌లో రాయి. డీడబ్ల్యూసిమ్ అని ప్రాసెస్ సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, ఐఐటీ బాంబే వాళ్ళ ఫాసీ ప్రాజెక్టు విద్యార్థులతో అందులో ఫ్లోషీట్లు చేయిస్తుంది. ఫ్యాక్టరీలకి ఇప్పుడు రెండూ తెలిసినవాళ్ళు కావాలి. ఇదంతా చేశాక, హీట్ ట్రాన్స్‌ఫర్, మాస్ ట్రాన్స్‌ఫర్ కూడా చదివాక, మూడో ఏడాది చివర్లో కూడా ఈ పని నచ్చలేదనిపిస్తే సాఫ్ట్‌వేర్‌కి వెళ్ళు, తప్పేం లేదు, నా బ్యాచిలో సగం మంది అటే వెళ్ళి సుఖంగా ఉన్నారు. అప్పుడు తెలిసి వెళ్ళినట్టవుతుంది.

సప్లీకి ఇలా చదువు. మొదటి వారం రియాక్షన్ లేని లెక్కలే చేయి, ఎవాపరేటర్, డ్రయర్, డిస్టిలేషన్, మిక్సర్. రోజుకి రెండు చాలు, కానీ జవాబు చూడకుండా. ప్రతిదానికీ బొమ్మ, బాణాలు, బాణం మీద అంకెలు, తెలియని చోట అక్షరం. యూనిట్లు ప్రతి వరసలోనూ రాయి, గ్రామ్ మోల్, కిలో మోల్ తేడాతో పోయిన మార్కులు ఎన్నో. రెండో వారం రీసైకిల్, బైపాస్, ఇక్కడ అందరూ తికమకపడతారు, ఎందుకంటే డబ్బా చుట్టూ గీత ఎక్కడ గీయాలో తేల్చుకోరు. ముందు మొత్తం ప్లాంటు చుట్టూ గీయి, తిరిగి వచ్చే బాణం లోపలే ఉండిపోతుంది, లెక్క సగానికి సగం తేలికవుతుంది. మూడో వారం రియాక్షన్ ఉన్నవి, మండే ఇంధనాల లెక్కలు, ఎక్సెస్ ఎయిర్. అర్థం కాకపోతే ఐఐటీల ఉచిత ఆన్‌లైన్ పాఠాల సైటు ఎన్‌పీటీఈఎల్‌లో ఇదే సబ్జెక్టు పాఠాలున్నాయి, ఇంగ్లీషు కష్టమైతే సగం వేగంతో పెట్టుకుని విను. మీ సీనియర్లలో సప్లీ రాసి పాసైన వాళ్ళని పట్టుకో, టాపర్ కంటే వాళ్ళు బాగా చెబుతారు, ఎక్కడ జారతామో వాళ్ళకి తెలుసు.

సంక్రాంతికి ఇంటికి వెళ్ళినప్పుడు బెల్లం వండే రోజు పొద్దున్నే నాన్న పక్కన నిలబడు. ఒక పెనానికి రసం ఎన్ని డబ్బాలు పోశారో లెక్కపెట్టు, ఒక డబ్బా తూకం వేయి. పొయ్యిలో పెట్టిన పిప్పిని మోపులుగా లెక్కపెట్టి రెండు మూడు మోపులు తూచు. మడ్డి ఎంత తీశారో ఒక బకెట్లో పట్టి చూడు, నేను ఈ లెక్కలో దాన్ని వదిలేశాను. చివర్లో దిమ్మలు తూచి, అంకెలన్నీ ఒక కాగితం మీద వేసి నాకు పంపు. పిప్పి ఎన్ని రోజులు ఎండిందో రాయడం మర్చిపోకు, అది లేకపోతే వేడి లెక్క తేలదు.